మూడు కాపీల మరిది

మా మరిదికి దేన్నీ ఒక్కటిగా ఉంచుకోవడం చేతకాదు. తాళంచెవులు మూడు, కళ్ళజోళ్ళు మూడు, గొడుగులు మూడు. వాన పడిన రోజు మాత్రం తడిసి ముద్దై వస్తాడు, ఎందుకంటే మూడు గొడుగులూ ఆఫీసులోనే ఉంటాయి. "ఇదేం బుద్ధిరా నాయనా" అని నేను తల బాదుకుంటే, "ఒకటి పోతే ఇంకోటి, అదీ పోతే మరోటి ఉండాలి కదా వదినా" అంటాడు. నోట్లో నాలుక లేని మనిషి. నేను వాగుతూ ఉంటే తల దించుకుని తనలో తను నవ్వుకుంటాడు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే మా ఆయనే జవాబు చెప్పేవాడు: "పిల్లనిచ్చేవాళ్ళు ఒక్కర్నే ఇస్తారు కదండీ, మావాడికి చాలదు." అప్పుడు కూడా నవ్వేవాడు తప్ప, ఇదేం మాట అన్నయ్యా అని ఒక్కసారైనా అన్నాడా? అనడు.

వాడి ఉద్యోగమూ అలాంటిదే దొరికింది. పెద్దాసుపత్రి సెల్లారులో మూడు మిషన్లుంటాయి, వాటిని కాపాడుకుంటూ కూర్చోవడం వాడి పని. ఆసుపత్రిలో అందరూ వాణ్ణి స్టోరేజీ అనే పిలుస్తారు. ఆ మూడు మిషన్లనీ కలిపి క్లస్టరు అంటారట. ఎవరు ఏది దాచమని పంపినా మూడింట్లోనూ ఒక్కో కాపీ పడుతుంది. ఒక మిషను చచ్చినా మిగతా రెండూ పని నడిపిస్తాయి. అన్నీ లినక్స్ అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తాయి. ఇదంతా నాకెలా తెలుసంటారా? అదే ఆసుపత్రిలో లాండ్రీ నాది. దుప్పట్లు, డాక్టర్ల కోట్లు, తలగడ గలీబులు, అన్నీ నా చేతుల మీదుగానే పోతాయి. మా గదికీ వాడి గదికీ మధ్య ఒకే గోడ. మావైపు ఆవిరి, వాడివైపు చలి. ఒళ్ళు ఉడికిపోయినప్పుడల్లా నేను వెళ్ళి వాడి మిషన్ల ముందు నిలబడతాను, వాడు ఆ కథలన్నీ చెబుతాడు. సగం అర్థమవుతుంది. మిగతా సగం చల్లదనం కోసం వింటాను.

ఇక మా ఆయన. హోల్‌సేల్ కూరగాయల మార్కెట్లో వేలం వేసేవాడు. మార్కెట్లో ఆయన పేరు మైకు. మైకు వాడతాడని కాదు, అక్కర్లేదని. తిన్నె మీద నిలబడి "ఒకటోసారి!" అన్నాడంటే లారీల దగ్గరున్న హమాలీలు కూడా తలెత్తి చూసేవాళ్ళు. ఇంట్లోనూ అదే గొంతు. చెప్పుల జత కనపడకపోతే వీధంతా తెలిసిపోయేది. నాకూ నోరు తక్కువేం కాదు. మేమిద్దరం పోట్లాడుకుంటుంటే పక్కింటివాళ్ళు టీవీ కట్టేసి వినేవాళ్ళని నాకు గట్టి అనుమానం.

అలాంటి మనిషికి గొంతు బొంగురుపోయింది. అరిచీ అరిచీ పోయిందిలే, నాలుగు రోజులు నోరు మూసుకుంటే అదే వస్తుంది అనుకున్నాం. రాలేదు. డాక్టరు చూసి, గొంతులో గడ్డ ఉందన్నాడు, స్వరపేటిక మొత్తం తీసేయాలన్నాడు, ఆలస్యం చేస్తే మనిషే దక్కడన్నాడు. మా ఆయన నవ్వుతూ "తీసెయ్యండి సార్, మా ఆవిడకి ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడు. బయటికొచ్చాక మెట్ల మీద కూర్చుండిపోయాడు. నేను లేపితే లేవలేదు.

మా ఆసుపత్రిలో ఒక మంచి పని చేస్తారు. ఇలాంటి ఆపరేషను ముందు మనిషిని ఒక మెత్తటి గోడల గదిలో కూర్చోబెట్టి, బోలెడన్ని వాక్యాలు చదివించి, గొంతు రికార్డు చేసి పెట్టుకుంటారు. గాయం మానాక ఆ రికార్డింగుల్లోంచి ఒక చిన్న మిషను తయారుచేస్తారు. అందులో టైపు చేస్తే అది ఆ మనిషి గొంతుతోనే మాట్లాడుతుంది. మరిదే పరుగెత్తికెళ్ళి అన్న పేరు రాయించాడు. మా ఆయన ఆపరేషనుకు ముందు దొరికిన ఆ కాస్త వ్యవధిలో కూర్చుని అన్నీ చదివాడు. రికార్డింగు చూసే అమ్మాయి చాలా ఓపికగలది. మధ్యలో నీళ్ళిస్తూ, "ఇంకొక్క పేజీ బాబాయ్" అంటూ చదివించింది. ప్రతిదీ క్లస్టరుకు పంపింది. మూడు కాపీలూ పడ్డాయని తెర మీద పచ్చ గుర్తు వచ్చాకే తన కంప్యూటర్లోది తీసేసింది. అలా తీసేయాలనేది వాళ్ళ రూలు. జబ్బు మనుషుల గొంతులు ఎక్కడపడితే అక్కడ పడి ఉండకూడదు కదా.

ఆ రోజుల్లోనే ఆసుపత్రిలో కరెంటు పోయి, జనరేటరు మొరాయించి పెద్ద రభస జరిగింది. నా మిషన్లలో తడి దుప్పట్లు అలాగే ఉండిపోయి కంపు కొట్టాయి. కరెంటు వచ్చాక మరిది మిషన్లు లేచాయి, మా ఆయన రికార్డింగు మొదలైంది, పూర్తయింది. ఆ తర్వాత ఎవరో పాత రికార్డింగులు కనపడ్డం లేదని గోల పెట్టారు. మరిది వెళ్ళి చూశాడు. కరెంటు వచ్చినప్పుడు ఫైళ్ళన్నీ దాచే పెద్ద డిస్కులు మిషన్లకి తగులుకోలేదట, మూడు మిషన్లలోనూ తగిలించాడు. పాతవన్నీ కనిపించాయి. అందరూ శభాష్ అన్నారు. నేనూ అన్నాను.

ఆపరేషను అయింది. ప్రాణం దక్కింది. మా ఇంట్లో చప్పుడు ఆగిపోయింది.

మీకెలా చెప్పను? మెడ మీద ఒక చిన్న రంధ్రం, దాని మీద గుడ్డ. చేతిలో పలక. ఆయన రాయాలి, నేను చదవాలి. రాసేలోపు నా కోపం చల్లారిపోతుంది, లేకపోతే ఆయన కోపం చల్లారి తుడిచేస్తాడు. ఇంట్లో ప్రతి పోట్లాటా నేనే గెలుస్తున్నాను. ఇంతకంటే దరిద్రం ఇంకోటి ఉంటుందా? ఒకరోజు ఏదో అనబోయి, నోరు తెరిచి, గాలంతా మెడలోంచి పోయేసరికి పలక విసిరికొట్టాడు. నేను వెళ్ళి ఇంకో పలక కొనుక్కొచ్చాను. "గాయం మాననివ్వు, నీ గొంతు నీ తమ్ముడి దగ్గర భద్రంగా ఉంది" అని చెప్పాను. ఆ మాట మీదే ఆయన అన్నం తింటున్నాడు, ఆ మాట మీదే నిద్రపోతున్నాడు.

గాయం మానింది. రికార్డింగు అమ్మాయి ఆ ఫైళ్ళు తీసి గొంతు తయారుచేసేవాళ్ళకి పంపాలి. ఆ రోజు మధ్యాహ్నం నేను దుప్పట్లు మడతపెడుతుంటే మా గదిలోకి వచ్చింది. మొహంలో నెత్తురుచుక్క లేదు.

"పిన్నీ, స్టోరేజీ అన్న ఎక్కడ?"

"పక్కగదిలోనే. ఏమైందమ్మా?"

"బాబాయ్ రికార్డింగులు లేవు" అంది.

"లేకపోవడమేంటి, సరిగ్గా చూడు" అన్నాను. నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది. ఆ పిల్ల ఏడ్చేసింది.

మరిది అంత కంగారు పడలేదు మొదట. "ఎక్కడికి పోతాయి వదినా, మూడు కాపీలున్నాయి" అన్నాడు. మొదటి మిషను వెతికాడు. రెండోది వెతికాడు. మూడోది వెతికాడు. మళ్ళీ మొదటిది. ఏ ఫైలు ఎప్పుడు వచ్చిందో మిషను తనే రాసిపెట్టుకుంటుందట, అందులో చూస్తే అన్నీ వచ్చినట్టే ఉంది, మూడు కాపీలూ పడినట్టే ఉంది. "రాసినట్టుంది, కానీ లేవు" అన్నాడు.

అప్పట్నుంచి మా మరిది మనిషి కాడు. చెరిగిపోయిన ఫైళ్ళు తవ్వితీసే పద్ధతులు ఏవో ఉంటాయట, అవన్నీ తెచ్చాడు. పెద్ద డిస్కుల్ని ఒక్కొక్కటిగా కడుపులో చెయ్యిపెట్టి దేవినట్టు దేవాడు. ఎవరెవరివో పాత గొంతులు, సగం తెగిన ముక్కలు దొరికాయి. అన్నవి మాత్రం ఒక్కటీ లేదు. బయటి కంపెనీ నుంచి ఒక నిపుణుడు వచ్చి, కుర్చీలో వెనక్కి వాలి, "పాత డిస్కులు తగిలించినప్పుడు, క్లస్టరు మూడింటినీ సరిచూసుకుని, కొత్త ఫైళ్ళు ఉండకూడనివి అనుకుని చెరిపేసి ఉంటుంది" అని చెప్పి, కాఫీ తాగి వెళ్ళాడు. అలాంటిది జరక్కుండా ఆపే కాపలా ఒకటి ఉంటుందట. డిస్కు తగులుకోకపోతే ఏ ఫైలూ తీసుకోవద్దని చెప్పే కాపలా. ఎప్పుడో ఏదో రిపేరు చేస్తూ మా మరిదే దాన్ని ఆపి, మళ్ళీ పెట్టడం మర్చిపోయాడు.

"నేనే వదినా" అన్నాడు. "నేనే ఆపాను. ఆరోజు చేతికి అడ్డమొచ్చిందని ఆపాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు తిట్టాను. మూడు గొడుగులు పెట్టుకునేవాడివి, మూడు తాళంచెవులు పెట్టుకునేవాడివి, మీ అన్న గొంతు దగ్గరికొచ్చేసరికి మర్చిపోయావా అన్నాను. వాడు గోడకి ఆనుకుని నిలబడి అంతా విన్నాడు. ఒక్క మాట తిరిగి అనలేదు. అందుకే ఇంకా తిట్టాను.

మా ఆయనకి చెప్పాల్సింది వాడే. వచ్చాడు. అన్న మంచం మీద కూర్చుని ఉన్నాడు, వీడు గుమ్మంలోనే ఆగిపోయాడు. "అన్నయ్యా, నీ రికార్డింగులు పోయాయి. నా వల్లే పోయాయి" అన్నాడు. అంతే అన్నాడు. మా ఆయన చాలాసేపు వాడి మొహంలోకి చూశాడు. నోరు తెరిచాడు. మెడ దగ్గర గుడ్డ కదిలింది, అంతకు మించి ఏమీ రాలేదు. పలక అందుకున్నాడు, బలపం పట్టుకున్నాడు, ఏమీ రాయలేదు. పలక బోర్లా పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

తర్వాత వాడు నాతో అన్నాడు: "ఒక్క తిట్టు తిట్టినా బాగుండేది వదినా. చిన్నప్పుడు ఆయన సైకిలు పోగొడితే వీధి చివరిదాకా వినిపించేలా తిట్టాడు. ఆ తర్వాత హాయిగా నిద్రపోయాను."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో నన్నడక్కండి. రికార్డింగు అమ్మాయి పాత వీడియోలేమైనా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయి, అన్నీ మార్కెట్లోవే. హారన్లు, హమాలీల కేకలు, తక్కెడ మోత, వాటి వెనకాల ఎక్కడో ఈయన. పనికిరావంది. ఆసుపత్రి దగ్గర అందరికీ ఇచ్చే రెడీమేడు గొంతు ఒకటుంటే అది వినిపించింది. మా ఆయన రెండు మాటలు విని పలక మీద రాశాడు: "వీడెవడు? వార్తలు చదువుతున్నాడా?" నాకు నవ్వొచ్చింది, ఆయనకి రాలేదు. మిషను పక్కకి తోసేశాడు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి మా మరిది, "నా గొంతు తీసుకోండి" అన్నాడు. "మా ఇద్దరి గొంతులూ దగ్గరగానే ఉంటాయంటారు ఫోన్లో. నేను అన్నీ చదువుతాను, ఎన్ని పేజీలైనా చదువుతాను." రికార్డింగు అమ్మాయి మా ఆయన వైపు చూసింది. ఆయన పలక మీద "వద్దు" అని పెద్దగా రాసి, తమ్ముడికి కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు. వాడు తలూపి వెళ్ళిపోయాడు. గుమ్మం దాటి లోపలికి రావడం అప్పట్నుంచి మానేశాడు. వచ్చేవాడు, బయట నిలబడేవాడు, మందులు నా చేతికిచ్చి పోయేవాడు. మనిషి సగమయ్యాడు. మా ఆయన మార్కెట్టు వైపు వెళ్ళడమే మానేశాడు. ఎవరైనా పలకరిస్తారేమోనని వీధిలోకి కూడా రాడు. మైకు అని పిలిపించుకున్న మనిషి తలుపు చప్పుడైతే వంటింట్లోకి పోయి దాక్కుంటున్నాడు. నేను మధ్యలో. ఎవర్ని ఓదార్చను? నన్నెవరు ఓదారుస్తారు? దుప్పట్ల గుట్టలో మొహం పెట్టుకుని ఏడ్చేదాన్ని, ఆ ఆవిరిలో ఎవరికీ తెలిసేది కాదు.

ఇదిలా ఉండగా కంప్యూటర్ల మేనేజరుకు మూడో మిషను గోల పట్టుకుంది. కరెంటు పోయిన రభస తర్వాత మూడు మిషన్లలోనూ లినక్స్ కొత్తగా వెయ్యమని ఆయనే చెప్పాడు. ప్రతి మిషనులోనూ లినక్స్ ఉండే చిన్న డిస్కు ఒకటి, సరుకు దాచే పెద్ద డిస్కులు వేరు. చిన్న డిస్కు మొత్తం తుడిచి కొత్తది వెయ్యాలి, పెద్దవాటి జోలికి పోకూడదు. మొదటి రెండూ అన్న ఆపరేషను హడావిడిలోనే వేసేశాడు మరిది. మూడోది వెయ్యబోయేసరికి అన్నకి జ్వరం వచ్చి, వీడు సెలవు పెట్టి ఆగిపోయింది. ఆ మూడోది అప్పట్నుంచి చిన్న డిస్కు నిండిపోతోందని మొరపెడుతోంది. మేనేజరు ఫోను మీద ఫోను. మరిదేమో, "నిండడానికి అందులో ఏముందండీ, ఫైళ్ళన్నీ కూడితే సగం కూడా లేవు, డిస్కేమో నిండిందంటుంది" అని గొణుగుతాడు తప్ప అటు వెళ్ళడు. వాడి ప్రాణమంతా పెద్ద డిస్కుల్లోనే ఉంది, అన్న గొంతు అక్కడే పోయింది కాబట్టి.

ఒకరోజు నేను తిండి తినే వేళ వాడి గదిలోకి వెళ్ళాను. ముందురోజు కూడా వాడు డబ్బా తెరవలేదని నాకు తెలుసు, నాలుగు దులుపుదామనే వెళ్ళాను. మిషన్ల ముందు నేల మీద కూర్చుని ఉన్నాడు, ఒళ్ళో కీబోర్డు.

"రాజీనామా ఇచ్చేశాను వదినా" అన్నాడు. "ఈ మూడోది కొత్తగా వేసేసి వెళ్ళిపోమన్నారు. ఇదే ఆఖరి పని."

"వెళ్ళి?"

"తెలీదు."

"చాలా బాగుంది. మీ అన్న పోగొట్టుకున్నది చాలదని నువ్వూ ఉద్యోగం పోగొట్టుకో. ఇంట్లో ముగ్గురం మూడు మూలల్లో కూర్చుందాం" అన్నాను. ఇంకా ఏవేవో అన్నాను. వాడు విన్నాడో లేదో. మిషను వైపు తిరిగి పని మొదలుపెట్టాడు, ముసలివాడిలా, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ. తర్వాత తనే చెప్పాడు నాకు. మొదటి రెండు మిషన్లూ ధీమాగా, చకచకా తుడిచేశాడట, పుస్తకంలో ఉన్న మెట్లన్నీ ఎక్కలేదట. దీనికి మాత్రం తొందర లేదు. అయిపోతే ఇక చెయ్యడానికేమీ లేదు కాబట్టి అన్నీ వరసగా చేశాడు. క్లస్టరు ప్రోగ్రాము ఆపాడు. పెద్ద డిస్కుల్ని విడదీశాడు. విడదీశాక ఆ ఫోల్డరు ఖాళీగా ఉందో లేదో చూడాలట, అదొక మెట్టు. చూశాడు.

చూసి కదల్లేదు.

"ఏమైందిరా?" అన్నాను. భుజం పట్టుకుని కుదిపాను. చెయ్యి కీబోర్డు మీంచి తీసేసి వీపు వెనక దాచుకున్నాడు, అది ఎక్కడ ఏం నొక్కేస్తుందో అన్నట్టు.

"వదినా, తలుపెయ్యి" అన్నాడు. "ఎవర్నీ రానివ్వకు. ఎవర్నీ ఈ మిషను ముట్టుకోనివ్వకు."

తెర మీద ఫైళ్ళ పేర్లు బారులు తీరి ఉన్నాయి. నేను చదవలేకపోయాను, కళ్ళు అలుక్కుపోయాయి. వాడే చెప్పాడు, మాటలు తడబడుతూ. ఖాళీ ఫోల్డరు ఒకటి చిన్న డిస్కు మీద ఉంటుంది. పెద్ద డిస్కుని తెచ్చి ఆ ఫోల్డరు మీదే తగిలిస్తారు. తగిలించాక పైనున్నదే కనపడుతుంది, కిందున్నది కనపడదు. మాసిన దుప్పటి మీద ఉతికిన దుప్పటి పరిచినట్టే, కిందది ఎక్కడికీ పోదు. ఆరోజు కరెంటు వచ్చినప్పుడు పెద్ద డిస్కులు తగులుకోకముందే క్లస్టరు లేచింది, ఆపే కాపలా లేదు, అన్న గొంతంతా ఆ కింది ఫోల్డర్లోనే పడింది, మూడు మిషన్లలోనూ. తర్వాత మా మరిది డిస్కులు తగిలించి దానిమీద దుప్పటి కప్పాడు. మేమంతా శభాష్ అన్నాం. చిన్న డిస్కు నిండిందని ఆ మూడో మిషను ఇన్నాళ్ళూ మొత్తుకుంటున్నది అందుకే.

"మరి మొదటి రెండింట్లో?" అన్నాను.

"తుడిచేశాను వదినా" అన్నాడు. "నా చేత్తోనే తుడిచేశాను. దీన్ని కూడా ఇంకో నిమిషంలో..." అని ఆపేసి, చల్లటి నేల మీద బోర్లా పడి ఏడ్చాడు. నేనూ పక్కనే కూలబడ్డాను. మిషన్ల హోరులో మా ఏడుపు మాకే వినపడలేదు.

కాసేపటికి లేచి, మొహం తుడుచుకుని, అన్నీ కాపీ చేశాడు. ఎన్ని చోట్లకో నేను చెప్పక్కర్లేదు. అప్పుడొక ఫైలు తెరిచి హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టాడు. మా ఆయన గొంతు! దగ్గుతున్నాడు. నీళ్ళు తాగుతున్నాడు. "ఇంకెన్ని పేజీలమ్మా? మా ఆవిడైతే నన్ను ఇంతసేపు మాట్లాడనివ్వదు" అంటున్నాడు. ఆ అబద్ధాలకోరు గొంతు విని ఎంతకాలమైందో! నేను నవ్వానో ఏడ్చానో నాకు తెలీదు, మరిది మాత్రం హెడ్‌ఫోన్లు తిరిగి లాక్కోవడానికి భయపడ్డాడు.

ఆ గొంతు తయారై వచ్చిన రోజు రికార్డింగు అమ్మాయే మా ఇంటికి తెచ్చింది. చిన్న పలకంత మిషను, కింద స్పీకరు. మా ఆయన మంచం అంచున కూర్చున్నాడు. కొత్త చొక్కా వేసుకున్నాడు, నేను అడిగితే ఉతికినవేవీ లేవని రాశాడు. లాండ్రీ నడిపేదాని మొగుడు! మా మరిది గుమ్మంలో నిలబడ్డాడు, ఎప్పటిలాగే. లోపలికి రమ్మంటే తల అడ్డంగా ఊపాడు.

మా ఆయన ఒక్క వేలితో టైపు చెయ్యడం మొదలుపెట్టాడు. ఎంతకీ ఆపడే! రికార్డింగు అమ్మాయి "మొదటిసారి చిన్నగా ఏదైనా చెప్పండి బాబాయ్" అంది. వినిపించుకోలేదు. చెమటలు పట్టాయి. నేను పక్కనుంచి తొంగి చూడబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఆఖరికి నొక్కాడు.

"ఒరేయ్ సన్నాసీ. బుద్ధి గడ్డి తిందా నీకు? నమ్మి నా గొంతు నీ చేతిలో పెడితే నాశనం చేస్తావా? కళ్ళు నెత్తికెక్కాయా? ఆరోజు నాకు నోరుంటే నిన్ను చంపి పాతరేసేవాణ్ణి. వెధవా. గాడిదా. పనికిమాలినవాడా."

ఆయన గొంతే. అచ్చం ఆయనే. కానీ ఆ తిట్లన్నీ మెల్లగా, మర్యాదగా, ఆపి ఆపి వచ్చాయి, బస్సు ఏ వేళకి వస్తుందో ఎవరికో చెబుతున్నట్టు. మా ఆయన మిషను వైపు చూశాడు. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ అలాగే వచ్చింది.

"అరుపు రాదు బాబాయ్" అంది రికార్డింగు అమ్మాయి, నేల చూపులు చూస్తూ. "అందరిచేతా మెల్లగా చదివిస్తాం. ఆ వాక్యాల్లో అరుపు ఉండదు. ఎలా చదివారో అలాగే వస్తుంది."

మా ఆయన స్పీకరు దగ్గర ఏదో బటన్ తిప్పాడు. శబ్దం పెరిగింది, అరుపు మాత్రం రాలేదు. తిన్నె మీద నిలబడి మార్కెట్టంతా అదరగొట్టిన మనిషి తిరిగిరాడని ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. నాకైతే అప్పుడే తెలిసింది. మా మరిదికీ తెలిసింది. వాడు గుమ్మం దాటి లోపలికొచ్చి అన్న ముందు నేల మీద కూర్చున్నాడు. చేతులు కట్టుకుని, తల దించుకుని, చిన్నప్పుడు సైకిలు పోగొట్టిన రోజు ఎలా కూర్చుని ఉంటాడో అలాగే.

మా ఆయన వాడి నెత్తి వైపు కాసేపు చూశాడు. టైపు చేసినదంతా ఒక్కో అక్షరం చెరిపాడు. మళ్ళీ ఏదో కొట్టి నొక్కాడు.

"గట్టిగా తిట్టాననుకో."

"అనుకున్నాను అన్నయ్యా" అన్నాడు మా మరిది, అని ఆయన మోకాళ్ళ మీద తల పెట్టి భోరుమన్నాడు.